ఈస్టులో జంట జన్యువులు

పోయిన వారం క్లాసులో సారు "ఈస్టులో కొన్ని జన్యువులు రెండేసి ఉంటాయి" అన్నారు. నేను లేచి "ఒకటి చాలదా సార్?" అన్నాను. అందరూ నవ్వారు. సారు మాత్రం నవ్వలేదు, చదివి గోడపత్రికకు రాసుకురమ్మన్నారు.

ఈస్టు అంటే బన్నును పొంగించేది, కల్లును పులియబెట్టేది. (వార్డెన్ సారు కోప్పడవద్దని మనవి.) ఒకే కణం ఉన్న జీవి. అయినా అందులో 16 క్రోమోజోములు, సుమారు 6,000 జన్యువులు ఉన్నాయి. 1996 నాటికి ఆ వరుస మొత్తం చదివేశారు.

1997లో ఐర్లండులో కెన్నెత్ ఉల్ఫ్, డెనిస్ షీల్డ్స్ ఆ పటం ముందేసుకుని జంటల కోసం వెతికారు. ఒక క్రోమోజోము మీద క, ఖ, గ జన్యువులు ఏ వరుసలో ఉంటే, వాటి జంటలు ఇంకో క్రోమోజోము మీద అదే వరుసలో కనిపించాయి. మధ్యలో జత లేనివి బోలెడు. అలాంటి చోట్లు 55 జతలు, వాటిలో జంట జన్యువులు 376 దొరికాయి.

అయితే ముక్కముక్కగా రెట్టింపయ్యాయా, మొత్తం ఒక్కసారే అయిందా? తగువంతా ఇక్కడే. ముక్కలుగా అయితే కొన్ని చోట్లు మూడేసి కూడా ఉండాలి కదా. అలాంటిది ఒక్కటీ లేదు. అందుకే సుమారు 10 కోట్ల ఏళ్ళ కిందట మొత్తం ఒకేసారి రెట్టింపయిందని వాళ్ళన్నారు. చాలామంది నమ్మలేదు.

నాకు ఇలా అర్థమయింది. ఒకే నోట్సు చూసి ఇద్దరు రాసుకున్నారనుకోండి. ఏడాది తిరిగేసరికి ఒకడికి 3వ పేజీ ఊడింది, ఇంకొకడికి 5వది. ఇద్దరి దగ్గరా ఉన్న పేజీలు కొన్నే. అసలు నోట్సు పక్కన పెడితే గానీ అనుమానం తీరదు. 2004లో అమెరికాలో సరిగ్గా అదే చేశారు. రెట్టింపు కాని ఒక చుట్టం ఈస్టు ఉంది, దానికి క్రోమోజోములు 8. అందులో ప్రతి భాగానికీ మన ఈస్టులో రెండేసి భాగాలు సరిపోయాయి. రెట్టింపు నిజమేనని తేలింది. ఆ రెండు సెట్లు రెండు వేరు జాతుల కలయికతో వచ్చాయని 2015లో ఇంకొందరు చూపించారు.

ఇక నా ప్రశ్న. చాలావాటికి ఒకటే చాలింది, రెండోది పోయింది. మిగిలిన జంటల్లో కొన్ని పని పంచుకున్నాయి. గాల్-1 అనే జన్యువు గాలక్టోజు చక్కెరను వాడుకునే పని చూస్తుంది. దాని జంట గాల్-3 చక్కెర వచ్చిందని కబురు చెబుతుంది. రెట్టింపు కాని ఈస్టులో ఈ రెండు పనులూ ఒక్క జన్యువే చేసుకుంటుంది.

నవ్వినవాళ్ళు కింది బొమ్మ కూడా చూడండి. ఎర్ర గీతలు జంటలు.