ఇరవైల్లో షుగర్: ముందు మనసు కుదుటపడాలి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 26. మాది ఖమ్మం దగ్గర పల్లె. అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటూ కోర్సు పూర్తిచేశాను. ఉద్యోగంలో చేరేముందు చేయించిన పరీక్షల్లో పరగడుపున షుగర్ 168, హెచ్‌బీఏ1సీ 8.1 వచ్చాయి. డాక్టర్ టైప్-2 అని చెప్పి మాత్రలు రాశారు. అప్పటి నుంచీ సరిగ్గా నిద్ర లేదు. మా తాతయ్యకు షుగర్ వల్లే కాలు తీసేశారు. ఇంట్లో నాకు సంబంధాలు చూస్తున్నారు, అందుకే ఎవరికీ చెప్పలేదు. హాస్టల్లో మాత్ర కూడా బాత్రూములోకి వెళ్లి వేసుకుంటున్నాను. నా తిండి వల్లే ఇలా అయిందా?
– ఒక సోదరి, అమీర్‌పేట

జవాబు: అమ్మా, మీ రిపోర్టు కన్నా బాత్రూములో మాత్ర వేసుకుంటున్నానన్న మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. 8.1ని దారికి తేవడానికి మందులున్నాయి. కానీ చాటుగా వేసుకునే మందును ఎవరైనా గదిలో ఉన్న రోజు మానేస్తారు. ఊరెళ్లినప్పుడు మానేస్తారు. బంజారా హిల్స్‌లో నా దగ్గరికి వచ్చే ఇరవైల వయసు పిల్లల్లో షుగర్ అదుపు తప్పడానికి తిండితో పాటు ఈ దాపరికమూ ఒక కారణమే.

మీరేదో తప్పు చేశారని అనుకోకండి. కుటుంబంలో ఉన్నప్పుడు వచ్చే అవకాశం పెరుగుతుంది. పైగా మన దేశం వాళ్లకు పాశ్చాత్యుల కన్నా చిన్న వయసులోనే, తక్కువ బరువులోనే ఈ జబ్బు పట్టుకుంటుంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. కదలకుండా కూర్చునే చదువు, వేళకాని భోజనం, నిద్రలేమి తోడై ఉండవచ్చు. వాటిని మార్చుకోవచ్చు. వాటి కోసం మిమ్మల్ని మీరు తిట్టుకోనక్కర్లేదు.

ఈ దిగులుకూ మీ షుగర్‌కూ నేరుగా సంబంధం ఉంది. భయంలో, నిద్రలేమిలో అడ్రినలిన్, కార్టిసాల్ పెరుగుతాయి. వాటి ప్రభావంతో కాలేయం రక్తంలోకి గ్లూకోజు వదులుతుంది. అందుకే రాత్రంతా కుమిలిపోయిన మనిషికి, ఏమీ తినకపోయినా తెల్లారేసరికి షుగర్ ఎక్కువ కనిపించవచ్చు. ఈ మనోభారాన్ని కొలవడానికి బోస్టన్‌లోని జోస్లిన్ డయాబెటిస్ సెంటర్ నిపుణులు 1995లోనే 20 ప్రశ్నల పట్టిక తయారుచేశారు. అంటే ఇది మీ ఒక్కరి బలహీనత కాదు. చికిత్సలో భాగంగా పట్టించుకోవాల్సిన సంగతి. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు షుగర్ అంకెలతో పాటు నిద్ర గురించి కూడా చెప్పండి.

ఇక తాతయ్య సంగతి. కాలు తీసేసే దాకా రావడం అనేది సాధారణంగా ఏళ్ల తరబడి షుగర్ అదుపులో లేక నరాలు, రక్తనాళాలు దెబ్బతిన్నాక జరిగేది. మీకు ఇప్పుడే తెలిసింది. బ్రిటన్‌లో కొత్తగా షుగర్ బయటపడినవాళ్ల మీద 1977లో మొదలుపెట్టి 1997 దాకా యూకేపీడీఎస్ అనే పెద్ద అధ్యయనం చేశారు. మొదటి సంవత్సరాల్లో షుగర్‌ను గట్టిగా అదుపు చేసుకున్నవాళ్లకు, అధ్యయనం ముగిసిన పదేళ్లకు కూడా ఆ మేలు నిలిచే ఉందని 2008లో తేలింది. మీరు ఈ రెండు మూడేళ్లు పడే శ్రమ యాభయ్యో ఏట కూడా మిమ్మల్ని కాస్తుంది. ఏడాదికోసారి కంటి రెటీనా, మూత్రంలో ఆల్బుమిన్, పాదాల పరీక్ష మానకండి. మీరు సన్నగా ఉన్నా, ఈ మధ్య కారణం లేకుండా బరువు తగ్గినా గ్యాడ్ యాంటీబాడీ, సి-పెప్టైడ్ పరీక్షలు అవసరమా అని అడగండి. చిన్న వయసులో టైప్-1ను టైప్-2గా పొరబడే అవకాశం ఉంది. ఖర్చుకు వెనకాడాల్సి వస్తే పంజాగుట్ట నిమ్స్‌లో ఎండోక్రైనాలజీ విభాగం ఉంది.

హాస్టల్ మెస్సులో వేరే వంట అడగలేరని నాకు తెలుసు. ముందు కూర, పప్పు తినండి, అన్నం చివర్లో కొంచెం పెట్టుకోండి. సాయంత్రం పునుగుల బదులు పెసరట్టు.

ఇంట్లో చెప్పడానికి ఒక్కరితో మొదలుపెట్టండి. అమ్మ కావచ్చు, అక్క కావచ్చు. రిపోర్టు చేతిలో పెట్టుకుని, "నాకు షుగర్ ఉందని తెలిసింది, మందు వాడుతున్నా, నువ్వు తోడుంటే చాలు" అనండి. అమ్మ ఏడవవచ్చు, ఏడవనివ్వండి. సంబంధం వాళ్లకు మాత్రం నిశ్చయం కాకముందే చెప్పాలి. దాచి చేసే పెళ్లికి నేను ఒప్పుకోను, తర్వాత ప్రతి మాత్రా ఓ భయమవుతుంది. షుగర్ అదుపులో పెట్టుకుని, ముందే డాక్టర్‌తో మాట్లాడి గర్భం దాలిస్తే ఆరోగ్యమైన పిల్లల్ని కనవచ్చు.

రెండు వారాలకు మించి దేని మీదా ఆసక్తి లేకపోయినా, బతకడం ఎందుకనిపించినా ఆగకండి. టెలి-మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: నాకు 23. నాలుగు నెలల క్రితం టైప్-1 అన్నారు. రోజూ ఇన్సులిన్. గ్లూకోమీటర్ చూస్తేనే కోపం వస్తోంది. అప్పుడప్పుడు రాత్రి సూది మానేస్తున్నాను. ఫ్రెండ్స్‌తో బయటికి వెళ్లడం లేదు.
– ఒక తమ్ముడు, శ్రీనగర్ కాలనీ

జవాబు: కోపం రావడంలో వింతేమీ లేదు నాయనా. సూది మానితే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ల కుర్రాడికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చేదాకా ఈ జబ్బున్న పిల్లలు బతికేవారు కాదు. పాకిస్థాన్ బౌలర్ వసీం అక్రమ్‌కు 1997లో టైప్-1 బయటపడింది. 2003 ప్రపంచకప్‌లో ఆయన వన్డేల్లో 500వ వికెట్ తీశాడు.

మీటర్ మీది అంకెను పరీక్ష మార్కుల్లా చూడకు. ఇప్పుడేం చేయాలో చెప్పే కబురు అది, అంతే. వేలి కొస మధ్యలో కాకుండా పక్కన గుచ్చుకో, నొప్పి తక్కువ, కీబోర్డు మీద వేళ్లు సలపవు. బత్తాయి ఒలిచిన చేత్తో పరీక్షిస్తే లేని షుగర్ చూపిస్తుంది, ముందు కడుక్కో. ఫ్రెండ్స్‌లో ఒకరికి నేర్పు: చెమటలు, వణుకు వచ్చి షుగర్ 70 కన్నా తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి, పావుగంటకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ ఒక్కరు పక్కనుంటే బయటికి వెళ్లడానికి నీకూ ధైర్యం వస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లకే షుగర్ వచ్చింది. ఏం తింటున్నాడో చూస్తూ ఉంటే కసురుకుంటున్నాడు. కాకరకాయ రసం ఇస్తే తాగడం లేదు.
– ఒక తల్లి, పంజాగుట్ట

జవాబు: ప్రతి ముద్దా లెక్కపెడితే ఎవరికైనా విసుగొస్తుందమ్మా. మీ ప్రేమ వాడికి కాపలాలా తోస్తోంది. ఇంటిల్లిపాదికీ ఒకే వంట చేయండి, అన్నం తగ్గించి కూరలు పెంచండి. చుట్టాల ముందు "వాడికి వద్దు" అనకండి. కాకరకాయ కూరగా పెట్టండి, మందుకు మాత్రం అది బదులు కాదు. నేనేం చేస్తే నీకు సులువుగా ఉంటుందని వాణ్నే అడగండి. డాక్టర్ దగ్గరికి తోడు రమ్మంటే వెళ్లండి, లోపల మాత్రం వాణ్నే మాట్లాడనివ్వండి.