క్రొత్త మూత్రాశయముతో ఇల్లు చేరిన రోగికి పరిచర్య

మూత్రాశయమున కాన్సరు లోతుగా పాకినప్పుడు దానిని పూర్తిగా తీసివేయవలసి వచ్చును. చుట్ట, బీడీ అలవాటు ఈ వ్యాధికి ముఖ్యకారణము. రోగులలో తగినవారికి శస్త్రవైద్యులు చిన్నప్రేవునుండి ఒకటిన్నర, రెండడుగుల భాగమును వేరుచేసి, నిలువున చీల్చి, సంచివలె కుట్టి, పాత మూత్రాశయమున్న చోటనే అమర్చుదురు. స్విట్జర్లాండులోని బెర్న్ నగరమున స్టూడర్, జర్మనీలోని ఉల్మ్ నగరమున హౌట్‌మన్ 1980వ దశకమున రూపొందించిన పద్ధతులు నేడు పలుదేశములలో వాడుకలోనున్నవి.

శస్త్రచికిత్స ఆస్పత్రిలో ముగియును. పరిచర్య మాత్రము ఇంటిలో నెలలతరబడి సాగవలసియున్నది. ఇందుకు కారణము ఒక్కటే. ప్రేవు సంచిగా మారినను తన స్వభావమును మానదు. అది ఎప్పటివలెనే జిగురును స్రవించుచుండును.

కొందరు మూత్రపు గొట్టముతోనే ఇల్లు చేరుదురు. సాధారణముగా రెండు మూడు వారములకు దానిని తీయుదురు. అంతవరకు నర్సు నేర్పిన విధముగా, చేతులు సబ్బుతో కడుగుకొని, శుద్ధమైన సెలైన్ నీటిని సిరంజితో మెల్లగా ఎక్కించి జిగురును వెలికితీయవలెను. మూత్రపు సంచి ఎల్లప్పుడును పొత్తికడుపుకన్న దిగువన ఉండవలెను. గొట్టమున్నను, తీసివేసినను, మూత్రము ఆగి పొత్తికడుపు ఉబ్బినచో జిగురు అడ్డుపడియుండవచ్చును. తెల్లవారిన పిదప చూతమని ఊరకుండరాదు. సంచి చిట్లినచో ప్రాణమునకే ముప్పు. అర్ధరాత్రియైనను 108 వాహనమును పిలిచి ఆస్పత్రికి చేర్చవలెను.

గొట్టము తీసినపిమ్మట మరియొక చిక్కు. సంచి నిండినదని పూర్వమువలె తెలియదు. కావున గడియారమును చూచి, మొదట పగలు రెండు గంటలకు, రాత్రి అలారము పెట్టుకొని మూడు గంటలకు ఒకమారు వెళ్లవలెను. వైద్యుల సలహాపై ఈ వ్యవధిని క్రమముగా నాలుగు గంటలకు పెంచుదురు. పురుషులును కూర్చుండి, కండరములను సడలించి, పొట్టను మెల్లగా బిగించి మూత్రమును విడువవలెను. నిద్రలో పక్క తడియుట చాలకాలము ఉండవచ్చును. ఇది రోగి అలక్ష్యము కాదు. అందులకై అతని మంచమును పశువులపాకలోనికి మార్చుట క్రూరత్వము.

మన ఇండ్లలో శస్త్రచికిత్స అనగానే చప్పిడి పథ్యము పెట్టుదురు. ఈ రోగికి అది హాని. ప్రేవుసంచి ద్వారా శరీరమునుండి ఉప్పు నష్టమగును. మూత్రములోని ఆమ్లము తిరిగి రక్తమున చేరును. నీరసము, ఆకలిలేమి, వికారము, బరువు తగ్గుట దీని గుర్తులు. రక్తపరీక్ష చేయించినచో వైద్యులు తగిన సోడా మాత్రలిత్తురు. గుండెజబ్బు, రక్తపుపోటు ఉన్నవారు ఉప్పు, నీటి విషయమున వైద్యుని అడుగవలెను. తక్కినవారు రోజుకు రెండు మూడు లీటర్ల నీరు త్రాగవలెను. పక్క తడియునని నీరు మాన్పించుట తరచుగా జరుగు పొరపాటు.

పంచాయతీ సభ్యులు చూడవలసినది మరుగుదొడ్డి. మోకాళ్లపై కూర్చుండు దొడ్డి రోగికి కష్టము. రంధ్రముగల కుర్చీ అమర్చినను చాలును. అక్కడ రాత్రి దీపము, నీరు ఉండవలెను. పనిచోటను, సభలోను అతడు నడుమ లేచి వెళ్లినచో ప్రశ్నింపరాదు.

మూత్రపరీక్షలో సూక్ష్మజీవులు కనబడుట వీరిలో సాధారణము. జ్వరము, నడుమునొప్పి లేనిచో, వైద్యుని అడుగక మందులు వాడరాదు. ప్రేవుతో చేసిన మూత్రాశయమున్నదని వ్రాసిన చీటీ రోగివద్ద ఎల్లప్పుడును ఉండవలెను. దాని నకలు ఆశ కార్యకర్త వద్దను ఉంచవలెను.