జుట్టు ఎందుకు రాలుతుంది?

కోడలు తల దువ్వుకుంటోంది. దువ్వెన నిండా వెంట్రుకలే. కాన్పయి మూడు నెలలయింది.

"దిష్టి తగిలింది. సంతలో నూనె అమ్ముతున్నారు, కొందాం" అంది అత్త.

అంతలో ఆశా కార్యకర్త వచ్చింది.

"దిష్టి కాదు పెద్దమ్మా. కాన్పయిన రెండు, మూడు నెలలకు జుట్టు రాలడం మామూలే. ఏడాదిలోపు చాలామందికి మళ్ళీ వస్తుంది. టైఫాయిడ్ లాంటి పెద్ద జ్వరం తగ్గాక కూడా ఇలాగే రాలుతుంది. ఆడవాళ్ళకైనా, మగవాళ్ళకైనా అంతే."

"మా వాడికి జ్వరమేదీ రాలేదే! నడినెత్తి పలచబడింది."

"అది వంశంలో వచ్చేది. తల్లి వైపు నుంచీ రావచ్చు, తండ్రి వైపు నుంచీ రావచ్చు. సంత నూనె దాన్ని ఆపలేదు."

ఆమె కోడలి కనురెప్ప కింద చూసింది. పాలిపోయి ఉంది.

"ఏం తింటున్నావమ్మా?"

"పథ్యం కదా! కారప్పొడి అన్నమే."

"రక్తం తక్కువైనా జుట్టు రాలుతుంది. రక్తం 12 గ్రాములకు తగ్గకూడదు. రేపే పరీక్ష చేయిద్దాం. బాలింతకు పప్పు, ఆకుకూర, గుడ్డు పెట్టాలి పెద్దమ్మా. ఇనుము మాత్ర రోజుకొకటి, ఆరు నెలలు వేసుకోవాలి."

అత్త ఆలోచించింది. నూనె డబ్బుతో గుడ్లు కొంది.

గుర్తుంచుకోండి:

రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం.

జడ మరీ బిగించి అల్లితే కుదుళ్ళు దెబ్బతింటాయి.

థైరాయిడ్ జబ్బు ఉన్నా జుట్టు రాలుతుంది.

పేనుకొరుకుడు పేను కొరికితే వచ్చేది కాదు. గుండ్రంగా మచ్చలా జుట్టు ఊడితే డాక్టరుకు చూపించండి.

చెప్పండి: మీ ఊళ్ళో బాలింతలకు ఏం పెడతారు?