మేలుకొన్న మెదడులో నిద్రాతరంగాలు

ప్రశ్న: మా అయిదేళ్ల పాపకు ఏంజెల్‌మన్ సిండ్రోమ్. అర్ధరాత్రి లేచి నవ్వుతూ కూర్చుంటుంది. మెలకువలో తీసిన ఈఈజీలో నిద్రలో వచ్చే తరంగాలున్నాయన్నారు. పాప సగం నిద్రలోనే ఉంటుందా?

జవాబు: లేదమ్మా, మెలకువగానే యుండును. 1965లో ఇంగ్లండునందలి శిశువైద్యుడు హ్యారీ ఏంజెల్‌మన్ ముగ్గురు బాలలయందు గుర్తించి వర్ణించిన ఈ వ్యాధిలో, 15వ క్రోమోజోముపై తల్లినుండి రావలసిన యూబీఈ3ఏ జన్యువు లోపించుటయో చెడుటయో జరుగగా, తండ్రినుండి వచ్చిన జన్యుప్రతి మెదడులోని నాడీకణములయందు సహజముగనే నిద్రాణమై యుండుటచేత ఆ కొరత తీరదు. (తల్లి జన్యువన్నంతమాత్రమున తప్పు మీదని తలపకుడు.) తత్ఫలితముగా, మనకు గాఢనిద్రలో పొడసూపు మందగతి డెల్టా తరంగములు, సెకనుకు రెండు మూడు చొప్పున, పట్టపగలు సైతము ఉత్తుంగములై గోచరించును. అవి కనబడినంతనే మూర్ఛ వచ్చుచున్నదని భావింపరాదు గాని, నిద్రలేమి మూర్ఛలను రెచ్చగొట్టగలదు గనుక దానిని ఉపేక్షింపవలదు. పాప లేచినను దీపము వెలిగింపక, ఆటలకు దింపక, మెల్లగా మరల పరుండబెట్టుడు. అప్పటికిని నిద్ర నిలువనిచో స్వల్పమోతాదులో మెలటోనిన్ కొందరికి ఉపకరించును. అయితే ఫిట్స్ మందులు వాడుచున్నచో ఆ సంగతి వైద్యునికి ముందే తెలిపి, ఆయన చెప్పిన మేరకే ఇయ్యవలెను. వయసు పెరిగినకొలది చాలమందికి నిద్ర కొంత కుదుటపడును.