తాలు ఏరితేనే రాశికి విలువ

ప్రశ్న: మాది మహబూబాబాద్ దగ్గర పల్లె. మావారు భూపాలపల్లి బొగ్గు గనిలో షిఫ్టు డ్యూటీ చేస్తారు. జనగామలో అమ్మకు ఒంట్లో బాగుండడం లేదు. మిర్చి పెట్టుబడి అప్పు, ఆడబిడ్డతో పాత మాటపట్టింపు. డీఎస్సీకి చదువుదామని కూర్చుంటే ఒక్క పేజీ కూడా తలకెక్కదు. ఏం చేయాలి?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ తెలివికి లోటు లేదు. తల నిండా తెగని పనులున్నాయి, అంతే. పూర్తికాని పనే మనసులో ఎక్కువ మెదులుతుందని మనస్తత్వవేత్త బ్లూమా జైగార్నిక్ 1927లోనే చెప్పారు. ఆ పని ఎప్పుడు, ఎలా చేస్తామో నిర్ణయించుకుంటే చాలు, గుబులు తగ్గుతుందని 2011లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది.

కల్లంలో మిర్చి ఆరబోశాక తెల్లబారిన తాలు కాయలు ఏరి వేరే కుప్ప పోస్తారు కదా. మనసుకూ అదే చేయండి. రాత్రి పడుకునేముందు పది నిమిషాలు, నోటుబుక్కులో రెండు కుప్పలు. మీ చేతిలో ఉన్నవి ఒకటి: అమ్మను ఆదివారం ఆసుపత్రికి తీసుకెళ్లడం, అప్పు కిస్తీ తేదీ. ఒక్కోదాని పక్కన రోజు, వేళ రాయండి. రెండోది తాలు: ఆడబిడ్డ ఎప్పుడో అన్న మాట, రేపటి మిర్చి ధర. వాటిని అక్కడే వదిలేయండి.

అలా తల తేలికయ్యాక, తెల్లవారుజామున ఫోను పక్క గదిలో పెట్టి, నలభై నిమిషాలు చదవండి.

రెండు వారాలు దాటినా దిగులు, నిద్రలేమి తగ్గకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. సాయం అడగడానికి సంకోచించకండి.