ఒక్కసారిగా కఠిన వ్యాయామం: రక్తంలో ఏమి జరుగుతుంది?



ఏళ్ల తరబడి కుర్చీకే అలవాటుపడినవారు కొందరు, "షుగరు ఉంది, వ్యాయామం చేయండి" అని డాక్టరుగారు అనగానే మరునాడే పరుగు మొదలుపెడతారు. ఉద్దేశం మంచిదే. కానీ శరీరాన్ని ముందుగా సిద్ధం చేయాలి.

ఒక నిమిషం వేగంగా, తరువాత కొంతసేపు నెమ్మదిగా, ఇలా మార్చి మార్చి చేసేదే ఇంటర్వెల్ వ్యాయామం. గట్టిగా శ్రమించినప్పుడు రక్తంలోని నీరు కొంత కండరాలలోకి చేరి రక్తం కాస్త చిక్కబడుతుంది. గాయమైనప్పుడు రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు చురుకవుతాయి. గడ్డలను కరిగించే శక్తి కూడా పెరుగుతుంది. అయితే శ్రమ ఆగాక ఆ శక్తి త్వరగా తగ్గుతుంది, గడ్డకట్టే గుణం మరికొంతసేపు ఉంటుంది. గుండె రక్తనాళాలలో కొవ్వు పేరుకున్నవారికి ఇదే ప్రమాదం.

1993లో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం, కఠినశ్రమ తరువాతి గంటలో గుండెపోటు ముప్పు వారానికి ఒక్కసారైనా వ్యాయామం చేయనివారిలో సుమారు 107 రెట్లు పెరిగింది. వారానికి ఐదుసార్లు, అంతకు మించి చేసేవారిలో పెరిగింది 2.4 రెట్లే. ఆ ఒక్క గంటలో ముప్పు ఎవరికైనా స్వల్పమే. కానీ అలవాటే రక్షణ అని ఇది చెబుతోంది.

క్రమంగా చేస్తే మేలు ఎంతో. రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, కండరాలు చక్కెరను బాగా వాడుకుంటాయి. 2011లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంవారు 8 మంది షుగరు రోగులచేత రెండు వారాలలో 6 సార్లు ఇంటర్వెల్ సైక్లింగ్ చేయించగా, రోజంతటి సగటు షుగరు సుమారు 137 నుండి 119కి తగ్గింది. చిన్న పరిశీలనే అయినా ఆశ కలిగించేది.

మీరు పాటించవలసినవి:

1. గుండెజబ్బు, బి.పి., షుగరు ఉన్నవారు, 40 ఏళ్లు దాటినవారు ముందుగా డాక్టరును సంప్రదించండి.
2. మొదటి కొన్ని వారాలు మామూలు నడక చాలు.
3. తరువాత ఒక నిమిషం వేగంగా, రెండు నిమిషాలు నెమ్మదిగా నడవండి. ఇలా నాలుగైదుసార్లు.
4. హఠాత్తుగా ఆగి కూర్చోవద్దు. ఐదు నిమిషాలు మెల్లగా నడిచి ఆపండి. నీరు త్రాగండి. గుండె, కిడ్నీ రోగులు డాక్టరు చెప్పిన మేరకే త్రాగాలి.
5. ఇన్సులిన్ వాడేవారు చక్కెర బిళ్లలు దగ్గర ఉంచుకోండి.
6. ఛాతీలో బరువు, ఎడమచేతిలో నొప్పి, చల్లని చెమట కనిపిస్తే వెంటనే ఆపి 108కి ఫోన్ చేయండి.

దేహం దేవుడిచ్చిన ఆలయం. దాన్ని బాగుచేసుకునే పని ఈరోజే మొదలుపెట్టండి, ఒక్కరోజులో ముగించాలని మాత్రం చూడకండి.