కాలేజీ వాలీబాల్ జట్టుకు సెట్టర్‌ను తయారుచేయడం ఎలా?

వేములపల్లి, మిర్యాలగూడ వైపు కాలేజీల్లో జట్టు కట్టేటప్పుడు ముందు చూసేది ఎవరు గట్టిగా స్మాష్ కొడతారనే. చివర్లో మిగిలినవాణ్ణి నెట్ దగ్గర నిలబెట్టి ‘నువ్వు లిఫ్ట్ ఇయ్యిరా’ అంటాం. అంతర్ కళాశాలల పోటీల్లో అక్కడే దెబ్బ తింటాం. మూడు టచ్‌ల ఆటలో రెండోది సెట్టర్‌ది. బంతి ఎవరికి, ఎంత ఎత్తులో, ఎప్పుడు అందాలో తేల్చేది అతనే. కాబట్టి మొదటి పని, అందరికంటే ముందు సెట్టర్‌ను ఎంచుకోవడం.

మెత్తటి చేతులు, చురుకైన కాళ్లు, పాయింటు పోయినా కంగారుపడని స్వభావం చూడండి. ముందు వరసకు వచ్చినప్పుడు బ్లాక్ కూడా చేయాలి కనుక ఎత్తున్నవాడైతే మరీ మంచిది. హైదరాబాద్ సెట్టర్ అబ్దుల్ బాసిత్ 1989లో అర్జున అవార్డు అందుకున్నారు. పేరు రావాలంటే స్మాషరే కానక్కర్లేదని పిల్లలకు చెప్పడానికి ఆ ఒక్క పేరు చాలు.

ఇక చేతులు. బంతి నుదుటికి కాస్త పైన, ముందువైపు అందాలి. రెండు బొటనవేళ్లు, రెండు చూపుడువేళ్లు కలిసి త్రికోణంలా కనిపించాలి. బంతి బరువు 260 నుంచి 280 గ్రాములే కాబట్టి బలం అక్కర్లేదు. వేళ్లతో తీసుకుని, మోకాళ్లు, మోచేతులు, మణికట్టు ఒకేసారి చాచి పంపాలి. చప్పుడొచ్చిందంటే అరచేయి తగిలిందన్నమాట. రోజూ కాసేపు గోడకేసి ఆడించండి. చప్పుడు తగ్గుతూ వస్తే చేతులు కుదురుతున్నట్టే.

చేతులకన్నా ముందు కాళ్లు బంతి కిందికి చేరాలి. అందుకే మొదటి పాస్‌ను కావాలనే అటూ ఇటూ విసిరి సాధన చేయించండి.

దాడికి మొదట్లో రెండే సెట్లు నేర్పండి. ఒకటి ఎడమ అంచుకు ఎత్తుగా, రెండోది మధ్యలో నెట్‌కు కాస్త పైకి, వేగంగా. మధ్య స్మాషర్ ఎగిరితే అవతలి మధ్య బ్లాకర్ కూడా అతనితో పాటే ఎగురుతాడు. అదే క్షణాన బంతి ఎడమ అంచుకు వెళితే అక్కడ ఎదురయ్యేది ఒక్క బ్లాకరే. వ్యూహం సారమంతా ఇందులో ఉంది. అయితే రెండు సెట్లకూ సెట్టర్ ఒంటి తీరు ఒకేలా ఉండాలి. నడుము ముందే వంగితే గుట్టు బయటపడుతుంది. మొదటి పాస్ చెడితే వేగం జోలికి పోకుండా అంచుకే ఎత్తి ఇవ్వాలి. మన మైదానాలు ఆరుబయటివి. గాలి విసిరే సాయంత్రాల్లో ఎత్తు తగ్గించమనండి.

కొత్త జట్టు ఇద్దరు సెట్టర్లతో 4-2 పద్ధతిలో మొదలుపెట్టడం మేలు. పట్టు దొరికాక ఒక్కడే సెట్ చేసే 5-1కి మారండి. అప్పుడు సెట్టర్ వెనక వరసలో ఉండే మూడు రొటేషన్లలో ముందు ముగ్గురు స్మాషర్లు దొరుకుతారు. ఆ సమయంలో అతను 3 మీటర్ల గీత లోపలి నుంచి, నెట్‌కు పైన ఉన్న బంతిని అవతలికి పంపితే ఫౌల్.

సాధన అయ్యాక ‘అలా ఎందుకిచ్చావ్?’ అని గద్దించకండి. ‘అవతలి బ్లాకర్లు ఎక్కడున్నారు?’ అని అడగండి. జవాబు చెప్పగలిగిన రోజు నుంచి, సర్వీసుకు ముందు వేళ్లతో సైగ చేసి వ్యూహం నిర్ణయించే పని అతనికే వదిలేయండి. గీత బయట నుంచి కోచ్ అరవకూడదు.